తీరం మీద చెత్త, కాగితం మీద లెక్క

పోటు వెనక్కి తగ్గాక ఇసుక మీద వంకరటింకరగా ఒక నల్లటి గీత మిగులుతుంది. ఎండిన నాచు, పీతల డొల్లలు, పుల్లలు, ఈకలు, వాటి నడుమ సీసా మూతలు, తెగిన నైలాన్ తాళ్లు, సిగరెట్ పీకలు, రంగు వెలిసిన ఒంటి చెప్పు. అలలు ఎంతదూరం వచ్చి వెళ్లాయో చెప్పే ఆ గీతే, సముద్రంలో ఏమేమి తేలుతున్నాయో కూడా చెబుతుంది. తీరాన్ని కాపాడుకోవాలని స్వచ్ఛందంగా కదిలినవాళ్లు ప్రపంచంలో ఏ మూలనైనా మొదట నడుం వంచేది ఆ గీత దగ్గరే. వాళ్లు నింపిన సంచుల ఫోటోలు పత్రికల్లో వస్తాయి, ఎన్ని టన్నులు ఎత్తారన్నది వార్తకు శీర్షిక అవుతుంది. అయితే గత నలభై ఏళ్ల అనుభవాన్ని వరుసపెట్టి చూస్తే, తీరాల పరిస్థితిలో నిలిచే మార్పు తెచ్చింది ఆ టన్నులు కావని, వస్తువును సంచిలో వేసేముందు అదేమిటో గుర్తించి కాగితం మీద గీసిన చిన్న చిన్న గీతలేనని అర్థమవుతుంది.

1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో లిండా మరానిస్, క్యాథీ ఓహారా అనే ఇద్దరు మహిళలు ఏర్పాటు చేసిన చెత్త ఏరివేతకు సుమారు 2,800 మంది తరలివచ్చారు. తీరం మీద చెత్త ఎత్తడం అప్పటికి కొత్త సంగతేమీ కాదు. వచ్చినవాళ్ల చేతికి సంచితోపాటు ఒక పట్టిక కూడా ఇవ్వడం, దొరికిన ప్రతి వస్తువునూ అందులో నమోదు చేయమనడం మాత్రం కొత్తే. ఆ కార్యక్రమమే తరువాత అంతర్జాతీయ తీర శుభ్రతా దినంగా విస్తరించి, ఓషన్ కన్సర్వెన్సీ సంస్థ ఆధ్వర్యంలో ఏటా సెప్టెంబరు మూడో శనివారం వందకు పైగా దేశాలకు పాకింది. ఓడల నుంచి ప్లాస్టిక్‌ను సముద్రంలో పారవేయడాన్ని నిషేధించిన మార్పోల్ ఒప్పందపు ఐదో అనుబంధం 1988 డిసెంబరు 31న అమలులోకి వచ్చింది. దాన్ని అమెరికా ఆమోదించాలని పట్టుబట్టినవాళ్లు తమ వాదనకు బలంగా చూపిన వాటిలో ఈ తీరపు లెక్కలు కూడా ఉన్నాయి. ఓడలో పనిచేసేవాళ్లు తప్ప ఇంకెవరూ వాడని వస్తువు ఇసుక మీద వందల సంఖ్యలో కనిపించిందని పట్టిక చెబుతున్నప్పుడు, అది సరదాగా తిరగడానికి వచ్చినవాళ్లు పడేసిందేనని కొట్టిపారేయడం కుదరదు.

అదే పట్టిక దశాబ్దాల పాటు ఒకే సంగతి చెబుతూ వచ్చింది. ప్రపంచమంతటా ఎక్కువ సంఖ్యలో దొరికే వస్తువు సిగరెట్ పీక. 2019 లెక్కల్లో మొట్టమొదటిసారి తినుబండారాల పొట్లాల రేకులు దాన్ని మించిపోయాయి. బరువు తూచి ఊరుకుని ఉంటే ఈ మార్పు ఎవరి కంటా పడేది కాదు. వెయ్యి పీకలు కలిపినా తడిసిన వల ముక్క ఒక్కదాని బరువు తూగవు మరి.

లెక్క చట్టంగా మారడానికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఐరోపాలో ఉంది. ఈశాన్య అట్లాంటిక్ తీరదేశాల మధ్య ఉన్న ఆస్పార్ ఒప్పందం కింద ఎంపిక చేసిన బీచ్‌లలో 100 మీటర్ల మేర ఒక ముక్కను గుర్తించి, ఏడాదికి నాలుగుసార్లు అదే ముక్కలో దొరికిన ప్రతి వస్తువునూ రకాలవారీగా లెక్కిస్తారు. ఈ పనిలో చాలాచోట్ల స్వచ్ఛంద కార్యకర్తలదే ప్రధాన పాత్ర. ఒకసారి మాత్రమే వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద 2019లో ఐరోపా సమాఖ్య తెచ్చిన ఆదేశంలో ఏయే వస్తువులు ఉండాలన్నది, బీచ్‌లలో ఎక్కువగా దొరికిన పది వస్తువుల జాబితాను బట్టే నిర్ణయించారు. ఆ పదీ, చేపలవేట సామగ్రీ కలిపితే అక్కడి సముద్రపు చెత్తలో 70 శాతం అవుతుందని తేల్చారు. చెవిలో తిప్పుకునే ప్లాస్టిక్ దూది పుల్లలు, ప్లాస్టిక్ చెంచాలు, పళ్లాలు, స్ట్రాలు 2021 జులై నుంచి అక్కడి బజారులో నిషిద్ధం. దూది పుల్లలాంటి అల్పమైన వస్తువు అంతపెద్ద చట్టంలోకి ఎక్కిందంటే, దాన్ని మరుగుదొడ్లో వేసి నీళ్లు వదిలితే మురుగుశుద్ధి కేంద్రపు జల్లెళ్లను దాటుకుని నేరుగా తీరానికి వస్తుందని చూపించింది ఈ లెక్కలే.

చట్టం వచ్చాక అది పనిచేసిందా లేదా అని చెప్పాల్సి వచ్చినా మళ్లీ ఇవే కాగితాలు తిరగేయాలి. అమెరికాలో 45,000కు పైగా తీర శుభ్రతా కార్యక్రమాల నమోదులను పరిశీలించి 2025లో సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనం, ప్లాస్టిక్ సంచుల మీద నిషేధమో రుసుమో ఉన్న ప్రాంతాల్లో మొత్తం చెత్తలో సంచుల వాటా, అలాంటి నిబంధన లేని చోట్లతో పోలిస్తే 25 నుంచి 47 శాతం మేర తక్కువగా ఉందని తేల్చింది. ప్రయోగశాల ఏదీ ఇంత విస్తారంగా, ఇన్నేళ్లపాటు ఈ సమాచారాన్ని సొంతంగా సేకరించలేదు. శనివారం పొద్దున్నే చేతికి తొడుగులు వేసుకుని వచ్చినవాళ్లు పెన్సిలుతో గీసిన గీతలే అక్కడ ఆధారం.

ఇంతా చేసి, జనం ఎక్కువైతే ముందుగా ఎగిరిపోయేది లెక్కే. ఇద్దరు జంటగా నడుస్తూ, ఒకరు ఏరుతూ "మూత ఒకటి, మూత ఒకటి, పీకలు మూడు, తాడు ముక్క ఒకటి" అని చెబుతుంటే రెండోవారు గీతలు గీస్తూ పోవాలి. గంటలో యాభై మీటర్లు కూడా సాగకపోవచ్చు. ఐదువందల మంది ఒకేసారి వచ్చి, బ్యానర్ కట్టి, ఫోటో దిగి, రెండు గంటల్లో ముగించాల్సిన చోట ఈ పనికి ఓపిక ఉండదు. అప్పుడు సంచులు తూకం వేసి ఒక అంకె ప్రకటిస్తారు. అందులో తడి ఇసుక వాటా ఎంతో ఎవరూ అడగరు. లెక్కించేవాళ్లలోనూ ఒక సహజమైన లోపం ఉంది. ఎర్రటి, నీలం రంగు వస్తువులు చప్పున కంటపడతాయి, తెల్లవీ పారదర్శకమైనవీ ఇసుకలో కలిసిపోతాయి. అందుకే ఒకే ముక్కను ఒకే పద్ధతిలో మళ్లీ మళ్లీ చూడటానికి అంత విలువ. లోపం ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటే, ఈ ఏటికీ నిరుటికీ మధ్య తేడా అయినా నమ్మదగినదిగా మిగులుతుంది.

కంటికి ఆననిదాన్ని కూడా సాక్ష్యంగా మార్చవచ్చని చూపినవి ప్లాస్టిక్ గుళికలు. దాదాపు అన్ని ప్లాస్టిక్ వస్తువులకూ ముడిసరుకు ఇవే. పెసరగింజంత పరిమాణంలో గుండ్రంగా, పాలిపోయిన తెలుపు రంగులో ఉండి ఫ్యాక్టరీల నుంచి, రైలు వ్యాగన్ల నుంచి, ఓడల నుంచి జారిపోతుంటాయి. చూడటానికి చేపగుడ్లలా ఉండడంతో పక్షులూ చేపలూ మింగేస్తాయి. నాచు గీత పక్కనున్న ఇసుకను గుప్పెడు తీసి బకెట్ ఉప్పునీళ్లలో వేసి కలియబెడితే ఇసుక అడుగుకు చేరుతుంది, గుళికలు పైకి తేలతాయి. ఈ తనిఖీకి అంతకుమించిన పరికరం అక్కర్లేదు. 2021 మే నెలలో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే ఓడ తగలబడినప్పుడు సుమారు 1,680 టన్నుల గుళికలు సముద్రం పాలయ్యాయి. జల్లెళ్లు పట్టుకుని ఇసుక జల్లిస్తూ కూర్చున్నవాళ్లకు, నిన్న శుభ్రం చేసిన చోటే ఈరోజు మళ్లీ తెల్లగా పేరుకుని కనిపించేది. ఓడ ప్రమాదమైతే కనీసం ఎవరిదన్నది తెలుస్తుంది. రోజూ కొద్దికొద్దిగా జారేదాని సంగతి వేరు.

టెక్సాస్‌లోని లవాకా అఖాతం కథ ఆ రోజువారీ జారుడు గురించే. రొయ్యలవేట కుటుంబం నుంచి వచ్చిన డయాన్ విల్సన్, మరికొందరు స్థానికులు, అక్కడి ఫార్మోసా ప్లాస్టిక్స్ కర్మాగారపు కాలువల వెంబడి ఏళ్ల తరబడి తిరిగి గుళికలను సేకరించారు. ఏరి పారేసి ఉంటే అది మరో శుభ్రతా కార్యక్రమం అయ్యేది. వాళ్లు పారేయలేదు. ఎక్కడ, ఏ రోజు దొరికిందో రాసి, ఫోటో తీసి, సంచుల్లో భద్రం చేసి దాచారు. అలా పోగైన 2,400కు పైగా నమూనాలు 2019లో ఫెడరల్ న్యాయస్థానంలో సాక్ష్యాలయ్యాయి. ఆ సంస్థ ఉల్లంఘనలు పదేపదే సాగాయని న్యాయమూర్తి తీర్పు చెప్పారు. తరువాత కుదిరిన ఒప్పందం కింద సంస్థ 5 కోట్ల డాలర్లు చెల్లించడానికి, ఇకమీదట ప్లాస్టిక్ ఏమాత్రం బయటికి వదలకుండా ఉండటానికి అంగీకరించింది. పౌరులు వేసిన దావాలో అంతపెద్ద మొత్తం రావడం అరుదు. పరిశీలిస్తే, ఆ మొత్తం కన్నా ఆసక్తికరమైనది ఆ సేకరణ పద్ధతే. అదే గుళికలను అదే మనుషులు ఏరి చెత్తబుట్టలో వేసి ఉంటే తీరం ఆ పూటకు శుభ్రపడేది, కాలువ మాత్రం యథాతథంగా ప్రవహించేది.

నీటి కాలుష్యం విషయంలో కళ్లు అసలే పనికిరావు. తేటగా, నీలంగా మెరిసే నీళ్లలోనూ మురుగు కలిసి ఉండవచ్చు. వానపడినప్పుడు వాననీటి కాలువలు పొంగడం, చాలా నగరాల్లో మురుగూ వాననీరూ ఒకే గొట్టంలో ప్రవహిస్తూ, శుద్ధి కేంద్రం పట్టలేనప్పుడు నేరుగా సముద్రంలోకి వదిలేయడం ఇందుకు ప్రధాన కారణాలు. 1990లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరంలో అలల మీద పలకలతో స్వారీ చేసేవాళ్లు, తమ ఒంటికి పచ్చి మురుగు అంటుకోవడం భరించలేక సర్ఫర్స్ అగెయినెస్ట్ సూయేజ్ అనే సంఘం పెట్టుకున్నారు. ముఖానికి గ్యాస్ మాస్కులు తగిలించుకుని పలకలతో ఊరేగి అందరి దృష్టినీ ఆకర్షించారు. ఊరేగింపు దృష్టిని తెస్తుంది కానీ అంకెను ఇవ్వదు. అంకె కావాలంటే సీసా పట్టుకుని నీళ్లలో దిగాలి.

ఆ సీసా నింపడానికీ ఒక పద్ధతి ఉంది. మోకాలి లోతులో నిలబడి, కాళ్లతో కదిలిన ఇసుక సీసాలోకి రాకుండా అల వచ్చేవైపు ముఖం పెట్టాలి. మూత లోపలివైపు వేలు తగలకూడదు. సీసాను బోర్లించి ఒక అడుగు లోతుకు ముంచి, అక్కడ తిప్పి నింపి, మెడ దగ్గర కొంత ఖాళీ వదిలి మూత బిగించి, ఐస్ పెట్టెలో పెట్టాలి. ఆరు గంటల్లోపు పరీక్షకు చేర్చాలి. తెల్లవారుజామున తీసిన నమూనాకూ మధ్యాహ్నం తీసిన నమూనాకూ పోలిక ఉండదు, ఎండ సూక్ష్మజీవులను చంపుతుంది కనుక. పరీక్షలో వెతికేది సాధారణంగా పేగుల్లో బతికే ఎంటరోకాకై అనే సూక్ష్మజీవులను. నమూనాకు రసాయనం కలిపి, చిన్న గళ్లున్న పళ్లెంలో పోసి, 41 డిగ్రీల వేడిలో 24 గంటలు ఉంచి, అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిసే గళ్లు ఎన్నో లెక్కపెడతారు. అమెరికాలోని సర్ఫ్‌రైడర్ ఫౌండేషన్ శాఖలు వాలంటీర్లతో ఇలాంటి పరీక్షలు జరిపిస్తూ ఫలితాలను బహిరంగంగా ఉంచుతున్నాయి.

ఆ 24 గంటల్లోనే ఈ ప్రయత్నపు బలహీనత అంతా ఉంది. ఈరోజు స్నానానికి దిగేవాళ్లకు అందేది నిన్నటి నీళ్ల సంగతి. ఐరోపా ప్రమాణం ప్రకారం తీరపు నీళ్లకు "అత్యుత్తమం" అన్న హోదా దక్కాలంటే 100 మిల్లీలీటర్లలో ఎంటరోకాకై 100, పేగుల్లోనే బతికే మరో సూక్ష్మజీవి ఈ. కోలై 250 దాటకూడదు. అదీ ఒక్కరోజు నమూనాను బట్టి కాదు, కొన్ని ఏళ్ల నమూనాలన్నీ కలిపి లెక్కకట్టి తేల్చాలి. అంటే ఒక సీసా ఫలితంతో బీచ్ మురికిదని గాని మంచిదని గాని తీర్పు చెప్పడం తొందరపాటే. వారం వారం, అదే చోట, వాన పడినా పడకపోయినా తీసిన నమూనాల వరుస ఉంటేనే, ఫలానా కాలువ మొగ దగ్గర వాన కురిసిన ప్రతిసారీ అంకె పెరుగుతోందన్న మాట గట్టిగా అనగలరు. ఆ మాట అన్నప్పుడు అధికారుల నుంచి వచ్చే మొదటి ప్రశ్న మీ నమూనాను ఎవరు తీశారు, ఎవరి చేతినుంచి ఎవరి చేతికి వెళ్లింది, ఐస్ ఉందా అన్నదే. ఆ ప్రశ్న చిరాకు పుట్టించవచ్చు గాని, న్యాయమైనదే.

ఉత్సాహం ఒక్కటే చాలదని చమురు ప్రమాదాలు కఠినంగా నేర్పాయి. 2007 డిసెంబరులో దక్షిణ కొరియాలోని తేయాన్ తీరంలో హెబే స్పిరిట్ ఓడ నుంచి 10,000 టన్నులకు పైగా ముడిచమురు ఒలికినప్పుడు, పన్నెండు లక్షల మందికి పైగా స్వచ్ఛందంగా వచ్చి రాళ్లను ఒక్కొక్కటిగా గుడ్డలతో తుడిచారు. మానవ సంకల్పానికి అంతకు మించిన దృశ్యం దొరకడం కష్టం. కానీ ముడిచమురు ఆవిర్లు ఊపిరితిత్తులకు విషం. 2002లో ప్రెస్టీజ్ ఓడ మునిగాక స్పెయిన్‌లోని గలీసియా తీరంలో శుభ్రత పనుల్లో పాల్గొన్న మత్స్యకారులను పరీక్షిస్తే, ఏడాది దాటినా శ్వాస సంబంధమైన ఇబ్బందులు మిగతావారికన్నా ఎక్కువగా కనిపించాయి. శుభ్రత తీరానికే చేటు చేసిన సందర్భమూ ఉంది. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డీజ్ ఓడ నుంచి ఒలికిన చమురును వదిలించడానికి వేడినీటి ధారలతో కడిగిన రాతితీరాల్లో, చమురును తట్టుకుని బతికిన జీవులు కూడా ఆ వేడికి చనిపోయాయి.

అంత భయంకరంగా కనిపించకపోయినా, మామూలు రోజుల్లోనూ ఇలాంటి పొరపాటే జరుగుతుంది. మొదట చెప్పిన ఎండునాచు గీత చాలామంది కళ్లకు చెత్తే. నిజానికి ఇసుకలో గెంతే చిన్న జీవులకు అది తిండి, వాటిని ఏరుకుని తినే తీరపు పిట్టలకు వంటిల్లు. గాలికి కొట్టుకొచ్చే ఇసుకను పట్టి దిబ్బలు కట్టడానికి తొలి ఆధారమూ అదే. పెద్ద యంత్రంతో ఇసుకను దువ్వి అద్దంలా చేసిన బీచ్ పర్యాటకులకు ముచ్చటగా ఉంటుంది గాని, జీవం లేనిది. ఇసుక మీదే గుడ్లు పెట్టే పిట్టలూ, ఇసుక కింద పొదిగే తాబేళ్లూ ఉన్నచోట గుడ్లు పెట్టే కాలంలో వందలమంది తొక్కుకుంటూ నడవడం ప్లాస్టిక్ కన్నా వేగంగా నష్టం చేస్తుంది. ఏది తీయకూడదో తెలిసినవాళ్లే మంచి కార్యకర్తలు.

అసలు చేతులతో ఎంత తీయగలరు? 2019లో సీషెల్స్‌లోని అల్డాబ్రా అనే పగడపు దీవికి పన్నెండుమంది స్వచ్ఛంద కార్యకర్తలు వెళ్లి ఐదు వారాల్లో సుమారు 25 టన్నుల చెత్తను తొలగించారు. చిన్న పరిశోధన కేంద్రం తప్ప జనావాసం లేని ఆ దీవి మీద ఇంకా దాదాపు 513 టన్నులు మిగిలి ఉందని, దాన్ని తీయడానికి 18,000 మనిషి గంటల శ్రమ, సుమారు 46.8 లక్షల డాలర్ల ఖర్చు అవుతాయని తరువాత అంచనా వేశారు. బరువులో 83 శాతం చేపలవేట సామగ్రి. ఆ దీవిలో చెత్త వేసేవాళ్లే లేరు, వేసినవాళ్లు దాని మొహం చూసినవాళ్లూ కారు. ఇక్కడ "చెత్త వేయకండి" అని బోర్డు పెట్టి ఎవరికి చూపించాలి?

బాధ్యత ఎవరిదన్న ప్రశ్న వచ్చినప్పుడే ఈ రంగంలో అసౌకర్యమైన మౌనం కనిపిస్తుంది. తొడుగులకూ టీషర్టులకూ డబ్బిచ్చే సంస్థల్లో, ఇసుక మీద దొరికే సీసాలు తయారుచేసేవీ ఉంటాయి. అలాంటి చోట వస్తువుల రకం నమోదవుతుంది గాని, దాని మీది బ్రాండు పేరు నమోదు కాదు. 2018 నుంచి కొన్ని సంఘాలు ఆ పేరును కూడా రాయడం మొదలుపెట్టాయి. 84 దేశాల్లో ఐదేళ్లపాటు వాలంటీర్లు లెక్కించిన 18 లక్షలకు పైగా వస్తువులను విశ్లేషించి 2024లో ప్రచురించిన అధ్యయనం, సగం వస్తువుల మీద అసలు పేరే చదవడానికి వీల్లేకుండా పోయిందని, పేరున్నవాటిలో సగానికి పైగా కేవలం 56 సంస్థలవేనని, ఒక్క శీతల పానీయాల సంస్థదే 11 శాతమని చూపింది. ఒక సంస్థ తయారుచేసే ప్లాస్టిక్ ఎంత పెరిగితే బయట దొరికే దాని చెత్త అదే నిష్పత్తిలో పెరుగుతున్నదని కూడా ఆ అధ్యయనం తేల్చింది. విరాళం తీసుకోకూడదని కాదు, విరాళంతోపాటు పట్టికలో ఒక గడి తగ్గిపోకూడదు.

ముంబైలోని వర్సోవా తీరంలో 2015 అక్టోబరులో న్యాయవాది అఫ్రోజ్ షా, వృద్ధుడైన తన పొరుగింటాయనతో కలిసి చెత్త ఎత్తడం మొదలుపెట్టారు. నెమ్మదిగా వందలమంది చేరారు. 2016లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ పురస్కారం వచ్చింది, 2018 మార్చిలో ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు అక్కడి ఇసుక నుంచి సముద్రంలోకి పాకుతూ కనిపించాయి. ఇంత జరిగినా ప్రతి వర్షాకాలం అలలు మళ్లీ చెత్తను మోసుకొచ్చాయి. ఆ బృందం తరువాత మీఠీ నది ఒడ్డుకు, కాలువల పక్కనున్న బస్తీల్లోకి పని మార్చుకోవడం ఓటమి కాదు, తీరం చెప్పిన సంగతి విన్నట్టు. చెత్త బండి రాని వీధిలో చెత్త వెళ్లేది కాలువలోకే, కాలువ వెళ్లేది సముద్రానికే.

ఇక లెక్కలో అందరికీ విసుగు పుట్టించే అంకె ఒకటుంది, అది సున్నా. బ్రిటన్‌లో మెరైన్ కన్జర్వేషన్ సొసైటీ వాలంటీర్లు ఏళ్ల తరబడి 100 మీటర్ల ముక్కలను లెక్కిస్తూ వచ్చారు. దుకాణాల్లో ప్లాస్టిక్ సంచికి రుసుము పెట్టాక పదేళ్లలో ఆ తీరాల మీద సంచుల సంఖ్య సుమారు 80 శాతం తగ్గిందని వాళ్ల పట్టికలే చూపించాయి. తగ్గింది అనడానికి ముందు చాలా ఉన్న రోజుల కాగితాలూ కావాలి, తరువాత ఏమీ దొరకని రోజుల కాగితాలూ కావాలి. మొదటి రకానికి మనుషులు సులువుగానే దొరుకుతారు. చెత్త కుప్పలున్న చోటికి వెళ్లినవాళ్లకు పనిచేసిన తృప్తి మిగులుతుంది. శుభ్రంగా ఉన్న ముక్కలో చలిగాలికి గంటసేపు వంగి నడిచి, సంచి ఖాళీగా చేతబట్టుకుని, పట్టికలో సంచులు అన్న గడిలో సున్నా రాసి సంతకం పెట్టడానికి రెండోసారి వచ్చేవాళ్లు తక్కువ. నిర్వాహకులు కూడా అలాంటి ముక్కను వదిలేసి మురికిగా ఉన్న మరో బీచ్‌ను ఎంచుకుంటారు. అలా వదిలేసిన రోజు నుంచి ఆ రుసుము పనిచేసిందని నిరూపించే వరుస అక్కడితో తెగిపోతుంది.